ఒకే పేట నుంచి ఐదు పెట్టెలు లేచినప్పుడు

మిరపకోతలకు వెళ్తున్న ఆటోను లారీ గుద్దితే పోయేది ఒక ఇంటి మనిషి కాదు. గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు మన లూథరన్ సంఘాలు చాలామటుకు ఒకే పేటలో ఉంటాయి. ఆ పేటలో సగం మంది ఒకరికొకరు మేనత్తలో, బాబాయిలో, వియ్యాలవారో అవుతారు. ఆటో ఎక్కిన కూలీలంతా ఆదివారం ఒకే చాప మీద కూర్చునే స్త్రీల సమాజం సభ్యులు. ఆ రోజు సంఘాన్ని ఓదార్చాల్సిన పెద్ద తన కోడలి కోసం మార్చురీ ముందు నిలబడి ఉంటాడు, కోశాధికారి తన అక్క కోసం నేలమీద పడి ఉంటాడు. అంత్యక్రియల గురించి మనకు నేర్పింది ఒక ఇంట్లో ఒక చావు లెక్కన నేర్పింది. ఇక్కడ ఆ లెక్క సరిపోదు.

పాస్టర్లకూ ఉపదేశులకూ సంఘ పెద్దలకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. అలాంటి రోజున పాస్టరు చేతినిండా పనులుంటాయి. "ఇదెందుకు జరిగింది" అన్నదానికి జవాబు చెప్పడం మాత్రం ఆ పనుల్లో లేదు. ఆ జవాబు చెప్పబోయి మిగతా పనులు వదిలేయడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది.

మొదటి ఫోను పక్క పారిష్ (ఒక పాస్టరు కింద ఉండే సంఘాలు) పాస్టరుగారికి చేయాలి. బిషప్పుగారికీ, పారిష్‌ల పైనుండే సినడ్‌కూ తర్వాత చెప్పొచ్చు. పక్క పారిష్ నుంచి చనిపోయినవారితో చుట్టరికం లేని ఆరుగురు కావాలి, వారిలో ఇద్దరైనా ఆడవాళ్లు ఉండాలి. ఇద్దరు ఆసుపత్రి దగ్గర, ఇద్దరు పేటలో, ఒకరు సమాధుల తోటలో. మిగిలిన ఒకరు నోటు పుస్తకం, ఫోను పట్టుకుని ఒకేచోట కూర్చోవాలి. ఎవరు ఏ ఆసుపత్రిలో ఉన్నారు, ఎవరి ఇంటికి కబురు అందింది, ఎవరు దారిలో ఉన్నారు అన్నవన్నీ ఆ పుస్తకంలోకే రావాలి. ఇది లేకపోతే బతికున్న మనిషి పోయిందని ఒక ఇంటికీ, పోయిన మనిషికి సీరియస్‌గా ఉందని ఇంకో ఇంటికీ కబురు వెళ్తుంది. వాట్సాప్ ఫొటో చూసి గుర్తుపట్టామంటే నమ్మొద్దు. మనిషిని దగ్గరగా తెలిసినవారు కళ్లారా చూసి చెప్పేదాకా ఏ ఇంటికీ కబురు వెళ్లకూడదు.

దెబ్బలు తగిలినవాళ్లను అందరూ మర్చిపోతారు. శవాలు ఏరియా ఆసుపత్రిలో ఉంటాయి, ప్రాణాపాయంలో ఉన్నవాళ్లను గుంటూరు పెద్దాసుపత్రికి పంపేస్తారు. పాస్టరుగారు, పెద్దలు, బంధువులు అందరూ శవాల దగ్గరే ఉండిపోతే, ఐసీయూ బయట రక్తం కోసం పరిగెత్తేది పద్దెనిమిదేళ్ల కుర్రాడొక్కడే. ఆసుపత్రికి వేసిన ఇద్దరిలో ఒకరు అక్కడికే వెళ్లాలి.

చావు కబురు చెప్పేటప్పుడు "కొంచెం సీరియస్‌గా ఉంది, మీరు బయల్దేరండి" అని దారి పొడవునా అబద్ధం లాగొద్దు. ఇద్దరు వెళ్లి, ఆ తల్లిని కూర్చోబెట్టి, పక్కనే కూర్చుని ఒక్క ముక్కలో చెప్పాలి: "పెద్దమ్మా, ఆటోకు ప్రమాదం జరిగింది. మీ అమ్మాయి చనిపోయింది." అంతే. వెంటనే ప్రార్థన మొదలుపెట్టకూడదు. ఆమె కేకలు వేస్తుంది, కొడుతుంది, లేచి పరిగెత్తుతుంది, లేదా ఏమీ పట్టనట్టు పొయ్యి మీద అన్నం చూసుకుంటుంది. ఇవన్నీ జరిగేవే. యోబు స్నేహితులు ఏడు రోజులు ఒక్క మాట మాట్లాడకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచిన తర్వాతే పాడుచేశారు.

మార్చురీ దగ్గర పాస్టరుగారు బైబిలు కన్నా ముందు కళ్లజోడు తీయాలి. పోలీసులు శవ పంచనామా రాస్తారు, బంధువుల సంతకాలు తీసుకుంటారు. ఆ స్థితిలో ఎవరూ చదవరు. చదవగలిగిన మనిషి ఒకరు పక్కన నిలబడి పేరు, ఇంటి పేరు, వయసు, భర్త పేరు, సమయం పైకి చదివించి సంతకం పెట్టించాలి. మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. గుడి రిజిస్టరులో మరియమ్మ అని ఉంటుంది, ఆధార్‌లో లక్ష్మి అని ఉంటుంది. పోలీసు కాగితంలోనూ ఆసుపత్రి కాగితంలోనూ ఆధార్‌లో ఉన్న పేరే రావాలి. ఒక దాంట్లో మరియమ్మ, ఇంకో దాంట్లో లక్ష్మి అని వస్తే బీమా డబ్బు దగ్గర్నుంచి కోర్టు పరిహారం దాకా ఇద్దరూ ఒకరేనని నిరూపించుకుంటూ ఆ కుటుంబం నెలల తరబడి తిరగాలి. ప్రార్థనలో మాత్రం ఇంట్లో పిలుచుకున్న పేరే చెప్పండి. విలేకరులకు సంఘ సభ్యుల జాబితా ఇవ్వొద్దు. ఎవరి మతం ఏ కాగితంలో ఎలా ఉందో ఆ ఇంటివాళ్లకు తెలుసు, దాన్ని పేపరుకెక్కించే హక్కు మనకు లేదు.

పోస్టుమార్టం సాధారణంగా పగటి పూటే చేస్తారు. సాయంత్రం ప్రమాదమైతే శవాలు మర్నాటికి గానీ రావు. ఆ రాత్రి పేటలో చేయాల్సిన పని దీపాలు, మంచినీళ్లు, బీపీ షుగరు మందులు. ఏడుస్తూ పెద్దవాళ్లు మాత్రలు మర్చిపోతారు, తెల్లారేసరికి ఇంకో ఇద్దరు ఆసుపత్రిలో ఉంటారు. ఐదు ఫ్రీజర్ బాక్సులు ఒకే ఊళ్లో దొరకవు, రెండు మూడు ఊళ్లకు చెప్పి పెట్టాలి. ఒకే వీధి లైను మీద ఐదూ పెడితే కరెంటు నిలవదు. జనరేటరు ముందే మాట్లాడుకోవాలి.

ఇక గుంటలు. పెట్టె పిడులతో సహా కొలిచిన తర్వాతే తవ్వడం మొదలుపెట్టించండి. పిడులు లెక్కలోకి తీసుకోక, అందరూ చూస్తుండగా పెట్టె మధ్యలో ఇరుక్కుని మళ్లీ పైకి లాగాల్సి రావడం కన్నా ఘోరం ఉండదు. పొడవు ఏడడుగులు, వెడల్పు మూడడుగులు, లోతు ఐదడుగులు చాలు. వరసగా ఐదు గుంటలు తీసేటప్పుడు గుంటకూ గుంటకూ మధ్య కనీసం రెండడుగుల గట్టు వదలాలి. నల్లరేగడిలో ఇంకో అడుగు కలపండి. గట్టు మీద జనం నిలబడగానే అంచు విరిగి పడుతుంది. డెల్టా ఊళ్లలో వానాకాలం అయితే నాలుగడుగులకే ఊట పడుతుంది. లోతు తగ్గించి పైన మట్టి ఎత్తుగా పోయడం మేలు. పెట్టెకు రెండేసి తాళ్లు, ఒక్కోటి ఇరవై అడుగులు ఉండాలి. పెట్టె తలవైపు పేరు రంగుతో రాయించండి. కాగితం అంటిస్తే నీళ్లకూ చెమటకూ ఊడిపోతుంది. పెట్టెలు మారిపోయే ప్రమాదం నిజంగానే ఉంది.

చివరి చూపు గురించి ముందే మాట్లాడుకోవాలి. లారీ ప్రమాదంలో ముఖాలు మిగలకపోవచ్చు. ఇంటివాళ్లలో గుండె గట్టి మనిషి ఒకరు, తల్లీ తండ్రీ కాని మనిషి, ముందు చూసి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. "ముఖం చూడలేం అమ్మా, చెయ్యి బాగానే ఉంది, చెయ్యి పట్టుకో" అనడం మంచి మార్గం. బలవంతంగా చూపించొద్దు, బలవంతంగా ఆపొద్దు. చూడనివ్వలేదన్న బాధ ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

ఐదు కుటుంబాలకూ కలిపి ఒకే ఆరాధన చేయాలా, విడివిడిగానా అన్నది పెద్దలు కూర్చుని తేల్చే విషయం కాదు. ఒక్కో ఇంటికీ వెళ్లి విడిగా అడగాలి. అందరినీ ఒకచోట అడిగితే కలిగిన ఇంటివాళ్లు చెప్పిందే సాగుతుంది. కలిపి చేస్తే పెట్టెలన్నిటికీ ఒకే రకం గుడ్డ, ఒకే సైజు పూలదండ ఉండాలి. ఎవరి గురించి ఎంతసేపు మాట్లాడారన్నది పేట గుర్తుపెట్టుకుంటుంది. ఎండలో షామియానా కింద నలభై ఐదు నిమిషాలు దాటొద్దు. నాయకులు వస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. వాళ్లకు మైకు ఇవ్వాలంటే ఆరాధన మొదలవకముందో, దీవెన అయిపోయాకో ఇవ్వండి. వాక్యానికీ దీవెనకూ మధ్య ఇవ్వొద్దు. సమాధి దగ్గర మాత్రం కలపొద్దు. "మంటికి మన్ను" అన్న మాటలు ఐదు గుంటల దగ్గరా ఐదుసార్లు, ఒక్కో పేరుతో చెప్పాలి. పాస్టరుగారి గొంతు మూడోదానికే పోతుంది. పక్క పాస్టరుగారు ఉన్నది అందుకే.

పుట్టి బాప్తిస్మం పొందకుండానే పోయిన బిడ్డ ఉంటే, గర్భిణి ఉంటే, ఆ తల్లి ఇంటి మీద రకరకాల గుసగుసలు పుడతాయి. గర్భం నిలవని తల్లుల కోసం మన సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 1542లో ఒక ఆదరణ పత్రిక రాశాడు. ఆ తల్లులను తప్పుబట్టొద్దని, బిడ్డ కోసం వాళ్లు మనసులో మూలిగిన మూలుగును దేవుడు ప్రార్థనగానే వింటాడని అందులో వాదించాడు. అదే తోటలో, అదే క్రమంతో పాతిపెట్టండి. ఆ బిడ్డను తోటలో ఒక మూలన పాతమని చూపించే పెద్దలకు ఈ మాట చెప్పండి.

మూడో రోజుకు బయట నుంచి బోధకులు దిగుతారు. ఇదివరకెప్పుడూ ఆ పేట మెట్టు ఎక్కనివాళ్లు. "ఈ సంఘంలో ఏదో దాచిన పాపం ఉంది", "ప్రార్థన చేసుకుని బయల్దేరి ఉంటే ఇలా అయ్యేది కాదు" అంటారు. ఇక్కడ పాస్టరు మెత్తగా ఉండకూడదు. సిలోయము గోపురం కూలి చచ్చిన 18 మంది సంగతి లూకా 13లో ఉంది. వాళ్లు మిగతా యెరూషలేము వాళ్లకన్నా పాపులా అని యేసే అడిగి, కాదని యేసే చెప్పాడు. ఆ వచనం చదివి, చాలు అనాలి.

మన వాళ్ల మాటలూ తక్కువ కాదు. "దేవుడు మంచి పూలనే కోసుకుంటాడు", "విశ్వాసులం, ఏడవకూడదు", "నీకు ఇంకా ఇద్దరున్నారుగా". అన్నిటికన్నా ఎక్కువగా వాడేది "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను". ఆ మాట యోబు తన నోటితో తన గురించి అన్నది. అతని పక్కన నిలబడి ఇంకొకరు అతనికి చెప్పింది కాదు. కొడుకు పోయిన తల్లి తనంతట తాను అంటే ఆమేన్ అనండి. మనం ఆమెకు చెప్పకూడదు. 1542 సెప్టెంబరులో పదమూడేళ్ల కూతురు మగ్దలేనా చనిపోయినప్పుడు లూథర్ స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, కృతజ్ఞత చెప్పాలని తెలిసినా ఏడవకుండా ఉండలేకపోతున్నామని ఒప్పుకున్నాడు. 1518లో హైడల్‌బర్గ్‌లో లూథర్ చర్చకు పెట్టిన వాదాంశాల్లో 21వది కూడా ఇక్కడే పనికొస్తుంది: దేవుణ్ని గొప్పల్లో వెతికే మహిమ వేదాంతి చెడ్డదాన్ని మంచిదంటాడు, సిలువలో వెతికే సిలువ వేదాంతి ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్తాడు. పల్లెలో దాని అర్థం ఏమిటంటే, జరిగింది ఘోరం, దాన్ని ఘోరం అనే చెప్పండి.

చాలా ఊళ్లలో గుడి ఆదివారం నుంచి ఆదివారం దాకా తాళం వేసే ఉంటుంది. మొదటి పది రోజులు తెల్లవారుజాము నుంచి రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచండి. కూటం పెట్టాల్సిన అవసరం లేదు. ఫ్యాను, కుండలో నీళ్లు, కీర్తనలు తెరిచిన బైబిలు, బల్ల దగ్గర ఒక మనిషి ఉంటే చాలు. 2011 జూలై 22న నార్వేలో ఒక ఉగ్రవాది 77 మందిని చంపినప్పుడు ఓస్లో కతీడ్రల్ ముందు జనం పూలు తెచ్చి పెడుతూనే ఉన్నారు. అక్కడ గుడి చేసిన పెద్ద సాయం తలుపులు తెరిచి ఉంచడం. మన దగ్గర రోజూ సాయంత్రం పెట్టే ఆదరణ కూటాలు వారం తిరిగేసరికి కుటుంబాలకు భారమవుతాయి. వచ్చినవాళ్లకు టీలు కాయడమే ఆ ఇంటి పనైపోతుంది.

మొదటి ఆదివారం ఆరాధన ఆపొద్దు, మార్చొద్దు. కొత్త కార్యక్రమం కల్పించే ఓపిక ఎవరికీ ఉండదు. కంఠతా వచ్చిన క్రమమే ఆ రోజు మనుషుల్ని నిలబెడుతుంది. కానీ మన క్రమంలో ఒక ముల్లు ఉంది. ఆరాధన పాపపు ఒప్పుకోలుతో మొదలవుతుంది. నాలుగు రోజుల కింద భార్యను పాతిపెట్టిన మనిషికి "మేము పాపులము, శిక్షకు పాత్రులము" అన్న మాట వేరేలా వినిపిస్తుంది: నా పాపానికే ఆమె పోయింది అని. ఒప్పుకోలుకు ముందు పాస్టరుగారు ఒక్క వాక్యం చెప్పాలి. "మనం ప్రతి వారం చేసే ఒప్పుకోలే ఇది. మంగళవారం జరిగినదానికీ దీనికీ సంబంధం లేదు." క్షమాపణ ప్రకటన మాత్రం నెమ్మదిగా, ముఖాలు చూస్తూ చదవాలి.

పాఠంగా 88వ కీర్తన చదవండి. బైబిల్లో వెలుగు లేకుండా ముగిసే కీర్తన అది. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. చదివాక హడావిడిగా సర్దిచెప్పకుండా కాసేపు మౌనంగా ఉండి, ఆ తర్వాత లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చిన యోహాను 11కు వెళ్లండి. ప్రసంగం పది నిమిషాలు చాలు. ప్రమాదం ఎలా జరిగిందో వర్ణించొద్దు, అక్కడ చనిపోయినవాళ్ల పిల్లలు కూర్చుని ఉంటారు. సంఘ ప్రార్థనలో పేర్లన్నీ చదవండి, ఆసుపత్రిలో ఉన్నవాళ్ల పేర్లతో సహా.

నెలకొకసారే ప్రభురాత్రి భోజన సంస్కారం ఇచ్చే సంఘాల్లో కూడా ఆ మొదటి రెండు వారాల్లో ఒకసారి ఇవ్వడం మంచిది. చాలామంది రారు. దేవుడి మీద కోపంగా ఉన్నాను, అపాత్రంగా తీసుకుంటే శిక్ష అని 1 కొరింథీయులు 11 గుర్తుచేసుకుని వెనక్కి తగ్గుతారు. వాళ్లకు కన్ఫర్మేషన్‌లో (సంఘ సభ్యత్వం స్థిరపరిచేటప్పుడు) బట్టీ పట్టిన చిన్న కేటకిజమే, అంటే లూథర్ రాసిన ప్రశ్నోత్తరాల బోధ పుస్తకమే జవాబు. ఉపవాసం, పైకి సిద్ధపడటం మంచివే గానీ, "మీ కొరకు" అన్న మాటను నమ్మినవాడే నిజంగా పాత్రుడని లూథర్ అక్కడ రాశాడు. కోపం లేనివాడని రాయలేదు. గుడికి రాలేనివాళ్లకు ఆ రోజే ఇంటికి తీసుకెళ్లండి. ఆడవాళ్లు ఒంటరిగా ఉన్న ఇంటికి పాస్టరుగారు పాస్టరమ్మగారినో, స్త్రీల సమాజం నుంచి ఒకరినో వెంటబెట్టుకుని వెళ్లాలి.

పిల్లలకు "అమ్మ నిద్రపోయింది", "దేవుడు తీసుకెళ్లాడు" అనొద్దు. ఐదారేళ్ల పిల్లలు ఆ మాటలు విని రాత్రి కళ్లు మూయడానికి భయపడతారు, దేవుడంటే భయపడతారు. "అమ్మ చనిపోయింది, ఇంక రాదు, నీ తప్పేం లేదు, రేపు నిన్ను స్కూలుకు పిన్ని తీసుకెళ్తుంది" అని చెప్పాలి. చివరి మాట ముఖ్యం. రేపు తమను ఎవరు చూస్తారన్నదే వాళ్ల మొదటి భయం. చనిపోయింది సండే స్కూలు పిల్లే అయితే రిజిస్టరులో పేరు వెంటనే కొట్టేయొద్దు. ఆమె కూర్చునే చోటు గురించి తోటి పిల్లలనే అడగండి.

డబ్బు రెండో రోజు నుంచే వస్తుంది. దుఃఖం కన్నా ఎక్కువగా సంఘాన్ని చీల్చేది అదే. పాస్టరుగారి ఫోన్‌పే నంబరు ఎవరికీ ఇవ్వకూడదు. సంఘం ఖాతా, ఇద్దరి సంతకాలు, రసీదు పుస్తకం ఉండాలి. అన్ని కుటుంబాలకూ సమానంగానా, పిల్లలున్న ఇంటికి ఎక్కువా అన్నది మొదటి రూపాయి రాకముందే తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో రాయండి. వచ్చాక తేల్చబోతే ఎవరి చుట్టాలకు వాళ్లు ఇచ్చుకున్నారన్న మాట తప్పదు. అమెరికాలో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు పంపేది చట్టం లెక్కలో విదేశీ విరాళం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) అనుమతి, దానికోసం ఢిల్లీ ఎస్‌బీఐలో తెరిచిన ఖాతా లేకుండా సంఘం ఖాతాలో వేయించుకోకూడదు. తమ సొంత బంధువుల ఇంటికి వాళ్లు నేరుగా పంపుకోవచ్చు.

పరిహారం ఏజెంట్లు కూడా అదే వేగంతో వస్తారు. ఖాళీ వకాల్తా మీద సంతకం పెట్టమంటారు. మొదటి వారం ఏజెంట్లు తెచ్చిన ఏ కాగితం మీదా ఎవరూ సంతకం పెట్టొద్దని పేటంతా చెప్పించండి. వాయిదా వేసుకున్నా మర్చిపోకూడని తేదీలు ఉన్నాయి. మరణ నమోదు 21 రోజుల్లో చేయించాలి. అది సొంత ఊళ్లో కాదు, చనిపోయిన చోట నమోదవుతుంది. నకళ్లు ఐదారు తీసుకోండి. మోటారు ప్రమాద పరిహారానికి 2019 సవరణ ఆరు నెలల గడువు పెట్టింది. దాని మీద కోర్టుల్లో ఏ వాదన నడుస్తున్నా, ఆరు నెలల్లోపే వేసేయడం క్షేమం. గుద్దిన బండి దొరక్కపోతే హిట్ అండ్ రన్ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు వస్తాయి. ఇంటింటికీ వెళ్లి బ్యాంకు పాసుబుక్కు తెరిచి మే నెలాఖరు, జూన్ మొదటి పేజీ చూడండి. 20 రూపాయల కోత కనిపిస్తే అది ప్రధానమంత్రి సురక్ష బీమా, ప్రమాద మరణానికి 2 లక్షలు. 436 కోత ఉంటే జీవన్ జ్యోతి, ఇంకో 2 లక్షలు. ఆ కోత ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు. బ్యాంకుకు 30 రోజుల్లోపు వెళ్లాలి. ఈ పని చేసిపెట్టగలిగింది ఆ పేటలో డిగ్రీ చదివిన యువజనులే. వాళ్లకూ చేతికి పని దొరుకుతుంది.

ప్రమాదం చేసిన డ్రైవరు మన సంఘం వాడే అయితే ఏం చేయాలన్నది ఎవరూ ముందు ఆలోచించరు. ఆటో నడిపింది పేట కుర్రాడే అయి ఉంటాడు, బతికి ఉంటాడు. నిర్లక్ష్యంగా నడిపి చావుకు కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. అతని భార్య బోరింగు దగ్గరికి వెళ్లలేదు, గుడికి రాలేదు. ఆ ఇంటికి వెళ్లే మనిషి వేరుగా ఉండాలి, బాధిత ఇళ్లకు వెళ్లే మనిషి కాకూడదు. అతన్ని గుడిలో నిలబెట్టి క్షమాపణ అడిగించడం, తల్లిచేత "క్షమించాను" అనిపించి చప్పట్లు కొట్టించడం అస్సలు వద్దు. ఆ తల్లి మర్నాడు తన మాట మీద తానే అసహ్యపడుతుంది. అతనికి మన దగ్గర వేరే దారి ఉంది. కేటకిజంలో వ్యక్తిగత ఒప్పుకోలు, క్షమాపణ ప్రకటన ఇంకా ఉన్నాయి. మనం వాడటం మానేశాం, అంతే. పాస్టరుగారు ఒక్కరే విని, తల మీద చెయ్యి పెట్టి క్షమాపణ ప్రకటించి, విన్నది ఎవరికీ చెప్పకుండా ఉండాలి. కోర్టు పని కోర్టు చూసుకుంటుంది.

చూసి రావడానికి ఇంటికి ఇద్దరు చొప్పున పేర్లు రాయండి. వెళ్లి అరగంట కూర్చోవడం, వినడం, ఏం కావాలో కనుక్కుని వాళ్లను సాయం దగ్గరికి చేర్చడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స పద్ధతి కూడా ఇంతే: చూడు, విను, కలుపు. జరిగిందంతా మొదట్నుంచి చెప్పమని గుంపులో కూర్చోబెట్టి కక్కించొద్దు, దానివల్ల మేలు లేకపోగా కొందరికి కీడు. మొదటి నెలలో నిద్ర పట్టకపోవడం, లారీ హారను వింటే వణకడం మామూలే. నెల దాటినా తగ్గకపోతే, తాగుడు పెరిగితే, పనికి వెళ్లలేకపోతే జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యుడి దగ్గరికి మీరే వెంటబెట్టుకుని వెళ్లండి. "నేనూ వెళ్లిపోతాను" అన్న మాట వస్తే నెల దాకా ఆగొద్దు. ఆ రాత్రి మనిషిని ఒంటరిగా వదలొద్దు, పురుగుమందు డబ్బా ఇంట్లోంచి తీసేయండి, 14416కు ఫోను చేయండి. టెలి మానస్ అది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. డాక్టరు రాసిన మాత్రలు విశ్వాసం పేరుతో మాన్పించేవాళ్లు పేటలో ఉంటారు, వాళ్లతో విడిగా మాట్లాడండి.

నలభయ్యో రోజు కూటం తర్వాత ఎవరూ రారు. అసలు పని అప్పుడు మొదలవుతుంది. గుడి ఆఫీసులో ఒక పుస్తకం పెట్టి చనిపోయినవాళ్ల పుట్టినరోజులు, పెళ్లిరోజులు, పిల్లల పరీక్షల తేదీలు రాయండి. ఏ వారం ఎవరు వెళ్లాలో ఎదురుగా పేరు ఉండాలి. క్రిస్మస్ క్యారల్స్ ఆ ఇళ్ల ముందు ఆగాలా వద్దా అని ముందుగా అడగండి. కొందరికి ఆగితే బాధ, ఎక్కువమందికి ఆగకుండా పోతే బాధ. తీరంలో సునామీకి మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాలకు ఇది బాగా తెలుసు. అది వచ్చింది 2004 డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. డిసెంబరు 31 రాత్రి వాక్యం రాసి పంచే వాగ్దాన కార్డులు మాత్రం ఆ ఏడాది మానేయడమే నయం. "నీకు అపాయమేమియు రాదు ఏ తెగులును నీ గుడారమును సమీపించదు" అన్న కార్డు ఆ ఇంటి చేతిలో పడితే దాన్ని తిరిగి తీసుకోలేం. ఈస్టరు తెల్లవారుజామున తోటకు వెళ్లే అలవాటున్న సంఘాలు ఆ ఐదు సమాధుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. సంవత్సరీకం రోజును తప్పించుకోలేరు, దివిసీమలో 1977 ఉప్పెన తర్వాత నవంబరు 19ని ఎవరూ తప్పించుకోలేకపోయారు. ముందే కుటుంబాలతో కూర్చుని చిన్నగా చేయండి.

పాస్టరుగారు రెండో ఆదివారం ప్రసంగం చేయకూడదు, పక్క పాస్టరుగారికి అప్పగించాలి. ఐదుగురిని పాతిపెట్టిన మనిషికి మూడో వారంలో చిరాకు, నిద్రలేమి, గుడికి వెళ్లబుద్ధి కాకపోవడం వస్తాయి. సినడ్ అధ్యక్షులవారు ఫోనులో "ధైర్యంగా ఉండండి" అనడం కన్నా వారం సెలవు ఇప్పించడం మేలు.

ఇక బదిలీ. మన దగ్గర పాస్టర్లు మారుతుంటారు. ఏడాది తిరక్కుండానే ఆ పారిష్‌కు కొత్త అయ్యగారు రావచ్చు. వెళ్లే పాస్టరుగారు ఆ తేదీల పుస్తకాన్ని కుర్చీ మీద పెట్టి పోకూడదు, కొత్తవారిని వెంటబెట్టుకుని ఐదు ఇళ్లకూ, డ్రైవరు ఇంటికీ తిరగాలి. రాతపూర్వకంగా అప్పగించాల్సినవి: తేదీల పుస్తకం, నిధి లెక్క, ఏ క్లెయిము ఏ ఆఫీసులో ఆగిందో ఆ కాగితాల నకళ్లు, ఎవరెవరు డాక్టరు దగ్గరికి వెళ్తున్నారో వాళ్లు ఒప్పుకుంటే ఆ వివరం. ఒప్పుకోలులో విన్నది మాత్రం ఎక్కడా రాయకూడదు, ఎవరికీ అప్పగించకూడదు.